పగడాలకూ మడకూ ఒకటే మందు



సముద్రంలో పగడాలు తెల్లబడి చచ్చిపోతున్నాయని సైన్సు మాస్టారు చెప్పినప్పుడు నాకో సందేహం వచ్చింది. మన కోనసీమ పక్కనే సముద్రం ఉంది కదా, ఇక్కడ పగడపు దిబ్బలు ఎందుకు లేవు? గోదావరి తెచ్చే ఒండ్రు, మంచినీరు వాటికి పడవన్నారు మాస్టారు. వాటికి తేట నీళ్ళు, ఎండ కావాలట.

పగడం చిన్న జీవి. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. ఆ నాచే ఎండతో తిండి తయారుచేసి పగడానికి పెడుతుంది, రంగూ ఇస్తుంది. నీళ్ళు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే, పగడం ఆ నాచుని వదిలేసి తెల్లబడుతుంది. అంటే చచ్చిపోయిందని కాదు, ఆకలితో ఉందని. నీళ్ళు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. 1998లో లక్షద్వీపాల్లోను, మన్నార్ సింధుశాఖలోను ఇలా తెల్లబడ్డాయి.

సముద్రాన్ని చల్లబరచలేనప్పుడు కాపలా ఎందుకు? మా మన్యంలో వేసవిని ఎవరూ ఆపలేరు. కానీ ముందే ఎండుటాకులు ఊడ్చి బాట తీస్తే మంట అడవంతా పాకదు. ఇదీ అంతే. మురుగు కలవనివ్వకూడదు, పగడాలు తవ్వనివ్వకూడదు. పాచి తినే చేపల్ని మిగల్చాలి. అప్పుడు చచ్చినచోట కొత్త పగడాలు నిలుస్తాయి. వేడి ఏటేటా వస్తే మాత్రం కాపలా ఒక్కటే చాలదు.

మనకి పగడాలకు బదులు మడ అడవి ఉంది. 1978లోనే కోరింగ అభయారణ్యం ఏర్పడింది. 1996 నవంబరు 6 తుఫాను ఈ తీరంలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. తుఫానుని ఆపలేం. మడ దట్టంగా ఉంటే అలల జోరు తగ్గుతుంది.

మడ నరికినచోట నేల పల్లమై ఉప్పునీరు నిలిచిపోతుంది. అది ఎండలో ఇగిరి ఉప్పు పెరుగుతుంది, మొక్క బతకదు. అందుకే స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, జాలరి ఊళ్ళవాళ్ళు కలిసి చేపముల్లులాగా కాలువలు తవ్వారు. నడుమ పెద్ద కాలువ, రెండు వైపులా పిల్ల కాలువలు. పోటు వచ్చి పోతూ ఉప్పు కడిగేసింది. ఒడ్డున నాటిన మడ మొక్కలు నిలిచాయి. కాలువ పూడిపోతే మళ్ళీ మొదటికే.

మిత్రులారా, మన హాస్టలు వెనక బోదెలో బిస్కెట్ కవర్లు పారేసేది మనమే. ఆ బోదె కాలువలో, కాలువ సముద్రంలో కలుస్తుంది. ఆదివారం నేను బోదె తీస్తాను. ఎవరొస్తారు?