ఐదుగురి తెర, రెండు లక్షల గ్రూపు: మెసేజ్ లోకంలో మొనగాళ్లు

అతి పొట్టి బోణీ ఇంటర్నెట్‌కి ముందు నడిచిన ఆర్పానెట్ అనే కంప్యూటర్ నెట్‌వర్క్‌ది. రెండంటే రెండే అక్షరాలు! 1969 అక్టోబర్ 29, రాత్రి పదిన్నర. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ నుంచి 500 కిలోమీటర్లకు పైగా దూరంలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి ‘లాగిన్’ అనే మాట పంపబోయారు. ఇంగ్లిష్‌లో ఐదక్షరాలు. ఎల్, ఓ వెళ్లాయో లేదో, అవతలి కంప్యూటర్ మొరాయించింది. మొత్తం మాట చేరడానికి ఇంకో గంట పట్టింది.

అతి దగ్గరి ప్రయాణం: 1971లో రే టామ్లిన్సన్ పంపిన మొదటి నెట్‌వర్క్ ఈమెయిల్. పంపిన కంప్యూటర్, అందుకున్న కంప్యూటర్ ఒకే గదిలో పక్కపక్కనే! అతి దూరం వాయేజర్-1 అంతరిక్ష నౌకది. 2024 ఏప్రిల్‌లో దాని మెమరీ లోపాన్ని సరిచేయడానికి నాసా ఇంజినీర్లు పంపిన ఆదేశం 2,400 కోట్ల కిలోమీటర్లు దాటింది. వెళ్లడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబుకి మరో ఇరవై రెండున్నర. ఒక్క ప్రశ్న, ఒక్క సమాధానం: 45 గంటలు!

గ్రూప్ చాట్‌కి ఆద్యుల వరసలో ముందు నిలిచేది టాకోమాటిక్. 1973. అమెరికాలోని ఇలినాయ్ యూనివర్సిటీలో పిల్లలకు పాఠాలు చెప్పడానికి కట్టిన ప్లేటో వ్యవస్థ మీద డగ్ బ్రౌన్, డేవిడ్ వూలీ దీన్ని నడిపించారు. అదే ఏడాది ప్లేటో కోసం ‘నోట్స్’ అనే చర్చావేదిక రాసిన నాటికి వూలీ వయసు 17! తెర నారింజ రంగు ప్లాస్మా, వేలితో తాకితే పలికేది. అడ్డంగా ఐదు పట్టీలు, పట్టీకి ఒక మనిషి. ఎంటర్ నొక్కే పనే లేదు. మీరు కొట్టిన అక్షరం కొట్టిన క్షణానే మిగతా నలుగురికీ కనిపిస్తుంది. తప్పు కొట్టి చెరిపినా కనిపిస్తుంది, తటపటాయించి ఆగినా తెలుస్తుంది. నేటి ఆఫీసు చాట్లలో ‘టైప్ చేస్తున్నారు’ అనే మూడు చుక్కల కన్నా ఇది ఎంతో ముందున్నదని నా నమ్మకం. ఈ జాబితాలో నా ఓటు దీనికే. అప్పుడు గదికి ఐదుగురు. ఇప్పుడు టెలిగ్రామ్ గ్రూపులో 2 లక్షల మంది పడతారు. 40 వేల రెట్లు!

వీడియో మీటింగుల్లో పెద్దన్న: 1968 డిసెంబర్ 9. శాన్‌ఫ్రాన్సిస్కో వేదిక మీద డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 90 నిమిషాల ప్రదర్శన. 48 కిలోమీటర్ల అవతల మెన్లో పార్క్‌లో ఉన్న సహచరుడి ముఖం తెర మీద, పక్కనే ఇద్దరూ కలిసి పనిచేస్తున్న కాగితం. చేతిలో మౌస్! జనం ముందుకు మౌస్ రావడం కూడా ఆ రోజే మొదలు.

అతి వేగంగా పెరిగిన వారం: 2020 మార్చి. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌ని రోజూ వాడేవాళ్లు 3.2 కోట్ల నుంచి 4.4 కోట్లయ్యారు. ఏడు రోజుల్లో 1.2 కోట్లు! పోలిక కోసం: 2011 లెక్కల్లో హైదరాబాద్ జనాభా 70 లక్షల లోపే. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల చేతిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు అప్పటికే ఆరేళ్లుగా ఉన్నాయి. జూమ్ దూకుడు ఇంకా పెద్దది: 2019 డిసెంబర్‌లో రోజుకు కోటి హాజర్లు, 2020 ఏప్రిల్‌లో 30 కోట్లు. ఒకే మనిషి మూడు మీటింగులకు వెళితే మూడు హాజర్లన్నమాట.

అతి ఖరీదైన ఆఫీసు చాట్: స్లాక్. సేల్స్‌ఫోర్స్ ఒప్పుకున్న ధర 2,770 కోట్ల డాలర్లు. గ్లిచ్ అనే ఆట తయారుచేస్తున్న బృందం తమలో తాము మాట్లాడుకోవడానికి రాసుకున్న సరంజామా ఇది. ఆట మూతపడింది, సరంజామా మిగిలింది. తలసరి ధరలో మాత్రం వాట్సాప్‌దే కిరీటం: 2014లో 1,900 కోట్ల డాలర్లు, ఉద్యోగులు 55 మంది. మనిషికి 34 కోట్ల డాలర్లకు పైనే! అప్పట్లో ఆ 55 మందీ మోసింది 45 కోట్ల మంది కబుర్లు.

అతి పెద్ద రోజువారీ మోత కూడా వాట్సాప్‌దే. 2020 నాటికే రోజుకు 10,000 కోట్ల మెసేజ్‌లు. మెసేజ్‌కి అర సెంటీమీటరు చొప్పున ఒకదాని మీద ఒకటి పేర్చితే 5 లక్షల కిలోమీటర్లు. 20 మీటర్ల తాటిచెట్లు రెండున్నర కోట్లు నిలబెట్టినంత ఎత్తు! చంద్రుడు దారిలోనే వెనకబడిపోతాడు.

చాట్‌లలో దీర్ఘాయుష్షు ఐఆర్‌సీది. 1988 ఆగస్టులో ఫిన్‌లాండ్‌లోని ఔలూలో యార్కో ఓయికారినెన్ పురుడు పోశాడు, ఇప్పటికీ నడుస్తోంది. తర్వాత పుట్టిన ఐసీక్యూ 2024లో, స్కైప్ 2025లో కన్నుమూశాయి.

అతి పెద్ద తరగతుల్లో ఒకటి: 2011లో స్టాన్‌ఫర్డ్ నుంచి సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ ఆన్‌లైన్‌లో చెప్పిన కృత్రిమ మేధ పాఠం. పేర్లిచ్చినవాళ్లు లక్షా 60 వేలు. లక్షా 32 వేల సీట్ల అహ్మదాబాద్ క్రికెట్ స్టేడియం కూడా చాలదు!

ఇక అతి ఇరుకు జాగా. అది మన తెలుగు ఎస్‌ఎంఎస్‌ది. ఒక ఎస్‌ఎంఎస్ అంటే 140 బైట్లు. అందులో ఇంగ్లిష్‌కి 160 గళ్లు, తెలుగుకి 70. ఇంగ్లిష్ మెసేజ్‌లో ఒక్క ‘శ్రీ’ చేర్చినా మొత్తం కొలత 70కి పడిపోతుంది. ‘రాష్ట్రం’ అని రాయండి. కంటికి రెండక్షరాలు, ఫోన్ లెక్కలో ఎనిమిది: ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. మధ్యలో ఖాళీలు వదులుతూ ఇలాంటి మాటలు ఏడు పడతాయి. ఎనిమిదోది ఒకే ఒక్క గడి తేడాతో బయటపడుతుంది. బడి నుంచి తల్లిదండ్రులకు తెలుగులో మీటింగు కబురు పంపాలంటే ఒక్క ఎస్‌ఎంఎస్ చాలడం కష్టం. 70 దాటి ముక్కలైతే ముక్కకి దక్కేవి 67 గళ్లే. మిగతా మూడూ ముక్కల్ని అతికే గుర్తులకి పోతాయి.