అఓరీతా: ‘ఇప్పుడే’ అంటే ఎప్పుడు?

ఈసారి ఎపిసోడ్ మొత్తం ఒక్క స్పానిష్ మాట మీదే. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ల కోసం ముఖ్యమైన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

టెక్సాస్‌లో ఒక రెస్టారెంట్ కిచెన్‌లో పనిచేసే రోజుల్లో, గిన్నెలు కడిగే చోట మెక్సికో నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. ప్లేట్లు కావాలంటే “అఓరీతా” అన్నారు. అంటే ‘ఇప్పుడే’ అని ఎవరో చెప్పగా విన్నాను. పావుగంటైనా ప్లేట్లు రాలేదు. అబద్ధం చెప్పారనుకుని మేనేజర్‌కి చెప్పేశా. ఆ వారం ఆయనకి ఒక షిఫ్ట్ తగ్గించారు. ఆయన చెప్పింది అబద్ధం కాదని, నాకే మాట అర్థం కాలేదని తర్వాత తోటి వంటావిడ చెప్తే తెలిసింది.

‘అఓరా’ అంటే ఇప్పుడు. చివర ‘ఈతా’ చేరిస్తే మాట చిన్నదవుతుంది, మెత్తనవుతుంది. కాసా అంటే ఇల్లు, కాసీతా అంటే చిన్న ఇల్లు. ఆ లెక్కన అఓరీతా అంటే ‘ఇదిగో ఇప్పుడే’ అనుకుంటాం. కానీ మెక్సికోలో అది రబ్బరులా సాగుతుంది: ఈ క్షణమే కావచ్చు, కాసేపట్లో కావచ్చు, ఒక్కోసారి అసలు జరగకపోవచ్చు కూడా. గొంతుని, సందర్భాన్ని బట్టి పట్టుకోవాలి. తినమని ఏదైనా పెడితే “అఓరీతా నో, గ్రాసియాస్” అంటారు. ముఖం మీద వద్దనకుండా మర్యాదగా తప్పుకోవడం అన్నమాట.

ప్యూర్టో రికో, డొమినికన్ రిపబ్లిక్ వాళ్ల నోట ఇదే మాటకి ‘తర్వాత’ అనే అర్థం ఎక్కువ. కాబట్టి మాట్లాడేది ఎక్కడివాళ్లో కూడా చూసుకోవాలి.

మనకిది కొత్తేమీ కాదు లెండి. స్నానం కూడా చేయకుండానే “దార్లో ఉన్నా, ఇప్పుడే వచ్చేస్తున్నా” అని ఫోన్‌లో చెప్పం?

నిజంగా అర్జెంటైతే, మెక్సికో వాళ్లతో “అఓరీతా మీస్మో, పోర్ ఫవోర్” అనండి. అంటే ఈ క్షణమే, దయచేసి అని. ఇంకా అనుమానముంటే “ఎన్ సీంకో మినూతోస్?” అని అడగండి, అయిదు నిమిషాల్లోనా అని. ‘హ’ పలకరు, ‘త’ మాత్రం అచ్చం మన ‘త’నే.

ఆ పెద్దాయనకి సారీ చెప్పాను. తలూపారు, అంతే. పోయిన షిఫ్ట్ డబ్బులు మాత్రం వెనక్కి రాలేదు. అందుకే చెప్తున్నా, కంప్లైంట్ చేసేముందు ఎన్ని నిమిషాలో ఒక్కసారి అడగండి.