దొంగ వేరొక యింట దూరియున్నచో

పిల్లలు చదువుకొను బొమ్మల కథలను గూర్చి ఈ పుటలలో ప్రసంగించుట యేల యని కొందరు పాఠకులు అడుగవచ్చును. మేమును ఒకప్పుడు వానిని అట్లే చులకనగా చూచితిమి. విశ్వవిద్యాలయమున చదువుకొను రోజులలో, హైదరాబాదు ఆబిడ్సులో ఆదివారములందు కాలిబాటపై పరచు పాత పుస్తకముల నడుమ, అట్ట చిరిగిన అమెరికా కామిక్ పుస్తకమొకటి మా చేతికి చిక్కినది. ప్రయాణములో ప్రొద్దుపుచ్చుటకై కొని, చదివి, మరచితిమి. దానిని మరల చదువవలసి వచ్చినది మాత్రము మా అమ్మాయి వలన. అదే కథ చదివి ఆమె అడిగిన ప్రశ్న యొకటి మమ్ములను చాలదినములు విడిచిపెట్టలేదు.

ఆ కథానాయకుడు స్పైడర్‌మాన్. 1962 ఆగస్టు తేదీతో వెలువడిన 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచికలో ఇతని కథ మొదట అచ్చయినది. వ్రాసినవాడు స్టాన్ లీ, బొమ్మలు గీసినవాడు స్టీవ్ డిట్కో. ఇరువురును 2018లోనే గతించిరి. కథ 11 పుటలు, పత్రిక వెల 12 సెంట్లు. ఆ పత్రికకు అదియే కడపటి సంచిక. మూతపడుచున్న పత్రికలో పుట్టిన వీరుడన్న మాట.

పీటర్ పార్కర్ న్యూయార్కు నగరమున క్వీన్స్ భాగములో నివసించు బాలుడు. తలిదండ్రులు లేరు. పెదతండ్రి బెన్, పెద్దమ్మ మే అతనిని కన్నబిడ్డవలె పెంచుచున్నారు. ఒక విజ్ఞాన ప్రదర్శనలో రేడియోధార్మికత సోకిన సాలెపురుగు కరచుటచే అతనికి గోడల నెగబ్రాకు శక్తి, మానవాతీతమైన బలము వచ్చినవి. తరగతిలో నలుగురి యెగతాళికి గురియైన పిల్లవాడు ఆ బలముతో ఏమి చేయును? లోకమును ఉద్ధరింప బూనుకొనలేదు. ముసుగు ధరించి మల్లయుద్ధమున డబ్బు గెలిచినాడు, టెలివిజనులో విన్యాసములు చూపి పేరు తెచ్చుకొన్నాడు. ఇంతవరకు ఎవరినైనను తప్పు పట్టుటకు వీలులేదు.

కథకు కీలకమైన ఘట్టము టెలివిజను స్టూడియో నడవలో జరుగును. మా వృత్తి వలన కాబోలు, ఆ బొమ్మ మా కన్నులకు మిక్కిలి పరిచితమైనదిగా తోచినది. ఒక దొంగ పరుగెత్తుచున్నాడు, కావలివాడు తరుముచున్నాడు. ఆపుమని కేక వేసినాడు. పీటర్ కాలు అడ్డము పెట్టినను చాలును, పెట్టలేదు. దొంగ లిఫ్టులో దూరి తప్పించుకొనెను. కావలివాడు కోపించినచో, అది నీ పని, నా పని కాదు, ఇకమీదట నా సంగతి నేను చూచుకొందును, అను అర్థము వచ్చునట్లు పీటర్ బదులిచ్చి వెడలిపోయెను. కొన్నాళ్ల తరువాత ఒక రాత్రి ఇల్లు చేరునప్పటికి వాకిట పోలీసు బండి నిలిచియున్నది. పెదతండ్రిని దొంగ చంపినాడు. హంతకుడు దాగిన పాత గిడ్డంగికి పీటర్ పోయి వానిని పట్టుకొని, మొగము చూచెను. ఆనాడు నడవలో తాను విడిచిన దొంగయే.

ఇక మా అమ్మాయి ప్రశ్న. "నాన్నా, ఆ దొంగ వేరేవాళ్ల ఇంటికి వెళ్లి ఉంటే పీటర్‌కి ఎప్పటికీ తెలిసేది కాదు కదా?"

ఈ కథను విన్నవారు సాధారణముగా చెప్పుకొను తాత్పర్యము, శక్తిని బాధ్యతతో ముడిపెట్టిన ఆ ప్రసిద్ధ వాక్యము. ఆ వాక్యము బెన్ నోట వచ్చినదని పలువురి నమ్మకము. 1962 నాటి కథలో అది పెదతండ్రి పలికినది కాదు. చివరి చిత్రమున కథకుడు తనంతట తాను చెప్పిన మాట. ఆయన నోట పెట్టినది తరువాతి కథకులు, 2002 నాటి చలనచిత్రమునందును అట్లే యున్నది. మాకు మొదటి పద్ధతియే మేలుగా తోచును. ఎవరో పెద్దవారు ముందే హెచ్చరించియుండిరన్నచో పీటర్ చేసినది ఆజ్ఞోల్లంఘనమగును. నిజమునకు అతని కెవరును ఏమియు చెప్పలేదు. అందుచేతనే అతని తప్పు మన తప్పులకు దగ్గరిది.

మనవారిలో కొందరు దీనిని కర్మఫలమని ఒక్కమాటలో తేల్చివేయుదురు. దశరథుని కథను ఉదాహరింతురు. నీటికుండ మునుగు చప్పుడును ఏనుగు నీరు త్రాగు చప్పుడని భ్రమించి, శబ్దమును బట్టి బాణము విడిచి మునిబాలుని చంపిన ఆ రాజునకు తన అపరాధము వెంటనే తెలిసినది. శాపము తగిలినది. ఎన్నో యేండ్లకు పుత్రవియోగమున ప్రాణము విడుచుచు దానిని కౌసల్యకు చెప్పుకొన్నాడు. అక్కడ చేతకును ఫలమునకును నడుమ శాపమను గట్టి త్రాడున్నది. పీటర్ కథలో ఆ త్రాడు లేదు. ఉన్నది కాకతాళీయము మాత్రమే. లక్షలకొలది యిండ్లున్న నగరమున ఆ దొంగ ఆ యింటనే దూరుట కేవలము యాదృచ్ఛికము. విమర్శకుడెవడైనను దానిని కథలోని లోపమని యనవచ్చును. మా అమ్మాయి ప్రశ్న విన్న తరువాత, కథలోని సారమంతయు ఆ లోపముననే యున్నదని మాకు తోచినది. దొంగ వేరొక యింట దూరినచో మరియొక పెదతండ్రి చనిపోయి యుండును, పీటర్ తప్పు అంతే యుండును, అతడు హాయిగా నిద్రించి యుండును. అతనికి యాదృచ్ఛికముగా దక్కినది శిక్ష కాదు, ఎరుక.

పదునొకండు సంవత్సరముల తరువాత, 1973 జూన్ తేదీగల 'అమేజింగ్ స్పైడర్‌మాన్' 121వ సంచికలో ఇందుకు తలక్రిందులైన కథ వచ్చినది. వ్రాసిన జెర్రీ కాన్వే అప్పటికి ఇరువది యేండ్ల యువకుడు, చిత్రకారుడు గిల్ కేన్. పీటర్ ప్రేయసి గ్వెన్ స్టేసీని గ్రీన్ గాబ్లిన్ అను శత్రువు ఎత్తుకొనిపోయి వంతెన గోపురముపై నుంచి త్రోసివేయును. (అది జార్జి వాషింగ్టన్ వంతెన యని కథలో వ్రాసినారు, గీసినది మాత్రము బ్రూక్లిన్ వంతెనను పోలియున్నది. ఇట్టి పొరపాట్లు ప్రతి కార్యాలయమునను జరుగును.) ఈసారి పీటర్ చేతులు ముడుచుకొని నిలువలేదు. సాలెదారమును విసరి, పడుచున్న ఆమె కాళ్లను పట్టుకొనెను. పైకి లాగి చూచునప్పటికి ఆమెలో ప్రాణము లేదు. దారము తగిలిన చిత్రమున ఆమె మెడ ప్రక్కన చిన్న అక్షరములతో ఒక ధ్వని వ్రాసియున్నది, పుల్ల విరిగిన చప్పుడు వంటిది. పాఠకులు ఉత్తరములతో ముంచెత్తగా, హఠాత్తుగా ఆపుటచే కలిగిన కుదుపే ఆమె మరణమునకు కారణమని ఆ పత్రిక ఉత్తరముల పుటలో సమాధానమిచ్చిరి.

ఇందు శాస్త్రవిషయము కొంత కలదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడైన జేమ్స్ కకాలియోస్, 2005లో వెలువడిన తన గ్రంథమున దీనిని లెక్క వేసి చూపినాడు. ఆమె సుమారు 300 అడుగులు పడినదనుకొందము. నాలుగు సెకండ్లకు కొంచెము పైగా పట్టును. అప్పటికి వేగము గంటకు 150 కిలోమీటర్లు. ఆ వేగమును అరసెకండులో సున్నకు తెచ్చినచో, శరీరముపై దాని బరువుకు దాదాపు పదింతల బలము పడును. కాళ్లు పట్టుబడి తల వ్రేలాడు దేహమున ఆ బలమును మెడ ఓర్చలేదు. క్రికెట్ ఆడువాడు బంతిని పట్టునపుడు చేతులను వెనుకకు లాగుకొనుట చూచుచున్నాము గదా. ఆపుటకు పట్టు కాలము పెరిగిన కొలది దెబ్బ తగ్గును. సాలెదారము మరికొంత సాగినచో ఆమె బ్రతికియుండునేమో. గాబ్లిన్ మాత్రము, దారము తగులకమునుపే ఆమె చనిపోయినదని యెత్తిపొడిచెను. శత్రువు మాట గనుక నమ్ముటకు వీలు లేదు, ఓదార్పు గనుక విడుచుటకు మనసు రాదు.

మొదట చేయి కదపక చెరచినాడు, పిమ్మట చేయి చాచి చెరచినాడు. మరి ఎట్లు చేసియుండవలెను? ఈ ప్రశ్నకే ఆ ప్రచురణకర్తలు 1977లో ఒక పత్రిక నారంభించిరి. దాని పేరు 'వాట్ ఇఫ్', అనగా 'అట్లు జరిగియున్నచో'. 1980 డిసెంబరు నాటి 24వ సంచికలో గ్వెన్ బ్రతికిన కథ యున్నది. వ్రాసినవాడు టోనీ ఇసబెల్లా, గీసినవాడు మరల గిల్ కేనే. ఇందు పీటర్ దారము విసరక, తానే ఆమె వెంట దుమికి కాపాడును. ఇరువురికి పెండ్లి యగును. ఇంతలో, గాబ్లిన్ ముందే పంపియుంచిన రుజువులు జేమ్సన్ అను పత్రికాధిపతికి చేరుటచే పీటర్ ముసుగు రహస్యము పత్రికలో బట్టబయలైనది. పోలీసులు పెండ్లి మందిరమునకే అరెస్టు ఉత్తరువుతో వచ్చిరి. పెండ్లికుమారుడు పరారి. మార్చిన గతమునకు మరియొక వెల.

ఆ కథలను చెప్పునది చంద్రునిపై నివసించు 'వాచర్' అను పాత్ర, అనగా సాక్షి. అన్ని లోకములలో జరుగునదియు జరుగబోయి జరుగనిదియు చూచుచుండును. దేనిలోను కల్పించుకొనరాదని అతని ప్రతిజ్ఞ. పాఠకునకు ఇతని యెడ గౌరవము కలుగవలెనని వారి యుద్దేశము కావచ్చును. మాకు మాత్రము నడవలో నిలిచి దొంగను చూచుచున్న పీటరే జ్ఞప్తికి వచ్చినాడు. ఇంకొకరును జ్ఞప్తికి వచ్చిరి. ఆ సంగతి చెప్పకున్నచో ఈ వ్యాసము వ్రాయుటలో అర్థము లేదు.

2009 వేసవిలో ఒక మధ్యాహ్నము, మేమప్పుడు పనిచేయుచున్న కేంద్రమునకు ఒక వృద్ధుడు వచ్చెను. తలపాగ, చేత కర్ర. మానేరు ఒడ్డున ఒక పల్లె నుండి రెండు బస్సులు మారి వచ్చినాడట. కావలివాడు ఆయనను నడవలో మా యెదుట నిలిపినాడు. "సారూ, మోట పాటలు ముప్పై దాక ఎరుక. మోట గొట్టేటోల్లు ఇప్పుడెవ్వల్లు లేరు. పాడుత, పట్టుకోండ్రి" అన్నాడు. ఎడ్లతో తోలుసంచిని లాగి బావినీరు తోడు ఆ పని కరెంటు మోటార్లు రాగానే పల్లెలలో నిలిచిపోయినది. పనితోపాటు ఆ పాటలును పోయినవి. స్టూడియో మరి నలువది నిముషముల వరకు ఖాళీగానే యున్నది. మేము స్వరపరీక్ష దరఖాస్తు పత్రమొకటి ఆయన చేతికిచ్చి, నింపి పంపుమని, కొన్ని నెలలలో పిలుపు వచ్చునని చెప్పితిమి. నిబంధన అట్లే యున్నది, మేము తప్పు చెప్పలేదు. ఆయన ఆ కాగితమును నాలుగు మడతలు పెట్టి తలపాగలో దోపుకొని, "మంచిది బిడ్డా" అని వెడలిపోయెను. మేము టీ త్రాగుటకు పోయితిమి.

2014లో వ్యవసాయ కార్యక్రమమునకై సంభాషణలు ధ్వనిముద్రణ చేయుటకు మమ్ములను పంపిన ఊరు, ఎట్లు జరిగినదో గాని, ఆయన ఊరే. అక్కడి రైతు తన బావిని చూపుచు, దీనిమీద మోట కొట్టిన తాత పాడినచో ఊరంతయు వినబడెడిదని, ఆయన పోయి నాలుగేండ్లయినదని, ఒకసారి రేడియోలో పాడుటకై పట్నము పోయివచ్చెనని చెప్పినాడు. మేము మైకును పట్టుకొని నిలిచితిమి. ఆ పోయివచ్చినది మా యొద్దకేనని ఆ రైతుతో చెప్పలేదు. నేటివరకు ఎవరికిని చెప్పలేదు.

'అట్లు జరిగియున్నచో' అను లెక్క మేమును వేసి చూచుకొంటిమి. ఆనాడు ముద్రణ చేసియున్నను, కంప్యూటరులో చోటు చాలక చెరిపివేసిన ముద్రణలు ఆ రోజులలో ఎన్నో కలవు. వానితో ఇవియు పోయియుండవచ్చును. ఇది గాబ్లిన్ చెప్పిన ఓదార్పు వంటిది. అంతకంటె మమ్ములను బాధించునది మా అమ్మాయి ప్రశ్న. మమ్ములను ఆనాడు వేరొక పల్లెకు పంపియున్నచో ఈ సంగతి మాకు తెలిసియుండదు. మడచిన కాగితముతో ఆ నడవ నుండి తిరిగిపోయినవారు మరి యెందరో. వారి ఊళ్లకు మేము పోలేదు.

ఈ యేడు సంక్రాంతి సెలవులలో మా అమ్మాయిని వెంటబెట్టుకొని ఆ పల్లెకు పోయితిమి. తాత మనుమడు ఆటో నడుపుచున్నాడు. ముప్పది పాటలలో అతనికి వచ్చినది ఒక్కటే, అదియు సగమే. బావి గట్టున కూర్చుండి పాడినాడు. ముద్రణ 3 నిముషముల 10 సెకండ్లు వచ్చినది. నడుమ రెండుచోట్ల మాటలు మరచి, సిగ్గుపడి, కూనిరాగము తీసినాడు. ఆ కూనిరాగమును కత్తిరింపక అట్లే యుంచితిమి.