బియ్యపుపాల చల్లని కాఫీ

వేసవి మధ్యాహ్నమున నింటికి వచ్చినవారికి నేమి త్రాగనిత్తుమనునది గృహిణికి నిత్యము నెదురగు ప్రశ్న. ప్రొద్దున పోయించుకొన్న పాలు పిల్లలకును, తోడువేయుటకును, ఇంటివారి కాఫీకిని సరిపోవును. మధ్యాహ్నమునకు గిన్నెలో మిగులునది మీగడ యంటిన యడుగు మాత్రమే. అంగళ్లలో సీసాలలో నమ్మెడి పానీయములందు జక్కెర మితిమీఱి యుండును. ఇట్టివేళ నింటనున్న గుప్పెడు బియ్యము, రెండంగుళముల దాల్చినచెక్క, కొంచెము కాఫీపొడి, ఈ మూడింటితో పాలచుక్క లేకుండ నొక చల్లని కాఫీని సిద్ధపఱచుకొనవచ్చును. దానిని జేయు విధమును, దానివలని సుఖమును, అంతకంటె ముఖ్యముగా దానికిగల హద్దును సోదరీమణులకు దెలుపుటయే యీ వ్యాసోద్దేశము.

ఎచటినుండి వచ్చినది?

దీనికి మూలమైన పానీయమును స్పానిష్ భాషలో ‘ఓర్చాతా’ యందురు. యవలకు లాటిను భాషలోగల ‘హోర్డియమ్’ అను పేరునుండి యీ మాట పుట్టినది. అనగా మొదట నది మన యిండ్లలో జ్వరము తగిలినవారికి గాచియిచ్చు బార్లీనీటివంటిదే. కాలక్రమమున స్పెయిను దేశమందలి వలెన్సియా ప్రాంతమువారు యవలకు మాఱుగా నొక తుంగజాతి మొక్క గడ్డలను నానబెట్టి, రుబ్బి, పాలు తీయసాగిరి. మన పొలములలో దొఱకు తుంగముస్తలకు నవి దాయాదులు. సముద్రము దాటి మెక్సికో చేరిన పిదప నాపేరే బియ్యపుపాలకు సంక్రమించినది. అచ్చట దాల్చినచెక్క లేనిదే యది కాదు. సింహళపు దాల్చినచెక్కను మిక్కిలిగా గొనెడి దేశములలో మెక్సికో యొకటి. ఇటీవలికాలమున నా బియ్యపుపాలలో కాఫీ డికాషను గలిపి, మంచుగడ్డలు వేసి త్రాగుట అమెరికాలోని కాఫీ యంగళ్లలో నలవాటైనది.

ఇది దూరదేశపు ముచ్చట గదా, మన జల్‌పల్లివారి కేమి సంబంధమని యెవరైన నడుగవచ్చును. జల్‌పల్లి హైదరాబాదు పాతబస్తీకి దక్షిణముగా చాంద్రాయణగుట్టను, బార్కసును దాటిన పిదప వచ్చు నూరు. చెఱువును, చేరువనే పహాడీషరీఫు గుట్టయు దానికి గుఱుతులు. ఆ త్రోవలోనున్న బార్కసు పేరు సైనికుల వసతిగృహములను దెల్పు ‘బారక్స్’ అను నాంగ్లపదమునుండి వచ్చినది. నిజాము ప్రభువుల సైన్యమున గొలువుచేయుటకై అరేబియా దక్షిణతీరమునందలి హద్రమౌతు ప్రాంతమునుండి వచ్చిన యరబ్బులు అచ్చట స్థిరపడిరి. ఆ హద్రమౌతు నేటి యెమెను దేశములోనిది.

కాఫీ చెట్టునకు బుట్టినిల్లు ఇథియోపియా యైనను, దానిని పానీయముగా లోకమునకు బరిచయము చేసినది యెమెను. 15వ శతాబ్దమున నచ్చటి సూఫీ సాధువులు రాత్రిజాగరణమునకై దానిని సేవించెడివారు. గింజల ధర హెచ్చుగనుక సామాన్య కుటుంబములవారు కాఫీకాయల పై తొక్కలను అల్లము, దాల్చినచెక్కలతో గాచి ‘కిష్ర్’ అను పేర త్రాగుట నచ్చటి పూర్వాచారము. కావున కాఫీకిని దాల్చినచెక్కకును గల స్నేహము మెక్సికోలో మొదలైనది కాదు. ఆ యెమెనునుండియే 17వ శతాబ్దమున బాబా బుడాన్ అను సాధువు ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ప్రతీతి. నేడు మన తూర్పుకనుమలలో గిరిజనులు పండించు అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇక బియ్యమును పానీయముగా జేసికొనుట గంజియు, తరవాణియు నెఱిగిన మనకు గ్రొత్తగాదు. పేరు పరదేశముదైనను వస్తువులన్నియు మన పరిచితములే.

కావలసిన వస్తువులు

నలుగురికి సరిపడునట్లు: పాత పచ్చిబియ్యము 150 గ్రాములు, రెండంగుళముల దాల్చినచెక్క, కాచి చల్లార్చిన నీరు 900 మిల్లీలీటర్లు, చక్కెర గాని బెల్లపుపొడి గాని నాలుగు పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు, కాఫీపొడి 30 గ్రాములు. ఇష్టమున్నవారు పది బాదముపప్పులను జేర్చుకొనవచ్చును. చక్కెరకు బదులు గింజలు తీసిన ఖర్జూరములు ఆఱేడు వేసి రుబ్బినను మంచి తీపి వచ్చును.

బియ్యము సాంబమసూరి వంటి సన్నరకమైన జాలును. ఆ వంగడము 1986లో బాపట్లనుండి వెలువడి తెలుగువారి విస్తళ్ల నాక్రమించిన సంగతి యందఱెఱిగినదే. ఉప్పుడుబియ్యము దీనికి బనికిరాదు, దాని వాసన దాల్చినచెక్క పరిమళమును మ్రింగివేయును. కాఫీపొడిలో చికోరీ యెంత కలదో పొట్లముమీద జూచి కొనవలెను. చట్టము ప్రకారము మిశ్రమములో కాఫీ 51 శాతమునకు దగ్గరాదు. ఈ పానీయమునకు చికోరీ తక్కువగా నున్న పొడియే మేలు, ఏలయన బియ్యపుపాలకు స్వతస్సిద్ధముగా చిక్కదనము గలదు.

చేయు విధము

బియ్యమును రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, గుడ్డపై నార్చి, దాల్చినచెక్క ముక్కలతో గూడ బాణలిలో సన్నని సెగపై వేయింపవలెను. ఐదాఱు నిముషములలో గమ్మని వాసన వచ్చును. గింజ దంతపు రంగునకు దిరుగగనే దింపవలెను. ఎఱ్ఱబడినచో చేదెక్కును. పూర్తిగా జల్లారిన పిదప 600 మి.లీ. నీటిలో వేసి, మూతపెట్టి, ఫ్రిజ్జులో రాత్రియంతయు నాననియ్యవలెను. బాదముపప్పు వేయువారు దానినిగూడ నప్పుడే నానవేయవలెను.

మఱునాడు నానిన నీటితో సహా మిక్సీలో మెత్తగా రుబ్బి, మిగిలిన 300 మి.లీ. నీరు కలిపి, శుభ్రమైన పలుచని గుడ్డలో రెండుమాఱులు వడియగట్టవలెను. గుడ్డను గట్టిగా పిండరాదు. పిండినచో పిప్పి దిగి నాలుకకు ఇసుకవలె దగులును. ఈ పాలలో చక్కెరయు, ఉప్పును గలిపి మరల ఫ్రిజ్జులో నుంచవలెను. గుడ్డలో మిగిలిన పిప్పిని పారవేయక నాడే దోసెపిండిలో గలిపికొన్నచో అట్లు కరకరలాడును.

కాఫీపొడిని ఫిల్టరులో వేసి 200 మి.లీ. మరుగునీరు పోసి చిక్కని డికాషను దీయవలెను. అది పూర్తిగా జల్లాఱవలెను. గ్లాసులో మంచుగడ్డలు వేసి, ముప్పాతిక భాగము బియ్యపుపాలు పోసి, మీద డికాషనును మెల్లగా వదలినచో తెలుపునకును నలుపునకును నడుమ నొక చాఱ యేర్పడి కంటికి నింపుగా నుండును. త్రాగుటకు ముందు కలియద్రిప్పవలెను.

కొన్ని కిటుకులు

మొదటిది, డికాషను వేడిగా నుండగా బియ్యపుపాలలో బోయరాదు. బియ్యములోని పిండిపదార్థపు రేణువులు సుమారు 70 డిగ్రీల వేడికి నీటిని బీల్చి యుబ్బి జిగురుగా మాఱును. అప్పుడు గ్లాసులోనిది కాఫీ గాక గంజి యగును. రెండవది, ఈ పాలు నిలువయుంచినచో క్రింద తెల్లని పేట పేరుకొనును. అది చెడుటగాదు, పిండి యడుగునకు దిగుట మాత్రమే. అంగళ్లలో నమ్మెడి బియ్యపుపాలకు ఎంజైములను జేర్చి పిండిని చక్కెరగా మార్తురు గనుక నవి యింతగా పేరుకొనవు, చక్కెర వేయకయే తీయగా నుండును. మనము చేసికొన్నదానిని పోయునప్పుడెల్ల గిలకరించినజాలును. మూడవది, ఉత్త మంచుగడ్డలు కరగినకొలది కాఫీ నీళ్లబడును. కావున డికాషనులో గొంత ముందుగనే మంచుపళ్లెములో బోసి గడ్డకట్టించుకొన్నచో చివఱి గుటక వఱకు రుచి తగ్గదు.

దాల్చినచెక్కయందును భేదము గలదు. మనవారిలో గొందఱు లవంగపట్ట యని పిలుచునదియు నిదియే. సింహళపు చెక్క పలుచని పొరలు పెక్కు కాగితములవలె జుట్టుకొని, వ్రేళ్లతో నలిపిన విఱుగును. మన బజారులలో హెచ్చుగా దొఱకు కాసియా చెక్క దళసరిగా, ఒంటిపొరగా, గట్టిగా నుండి ఘాటెక్కువగా నుండును. ఈ కాసియాలో కూమరిన్ అను పదార్థము హెచ్చు. అది దినదినమును మితిమీఱి లోపలికి బోయిన కొందఱికి కాలేయమునకు జెఱుపు చేయును. అప్పుడప్పుడు త్రాగువారికి భయము లేదు గాని, నిత్యము చేసికొనదలచినవారు సింహళపు చెక్కనే వాడుట మేలు.

శుభ్రత విషయమున అలసత్వము కూడదు. పచ్చిబియ్యమున సహజముగనే ‘బాసిలస్ సీరియస్’ అను సూక్ష్మజీవి యొక్క బీజములు గలవు. వేయించినను, ఉడికించినను నవి పూర్తిగా నశింపవు. 40 డిగ్రీలు దాటు మన యెండలలో నానిన బియ్యమును రాత్రియంతయు బయట నుంచినచో నవి వృద్ధిపొంది వాంతులు, విరేచనములు కలిగించును. ఫ్రిజ్జు లేనివారు ఉదయమున రెండుగంటలసేపు మాత్రము నానబెట్టి, వెంటనే రుబ్బి వడియగట్టి, ఆలసింపక త్రాగవలెను. ఫ్రిజ్జులో నుంచినను రెండుదినములు మించి యుంచరాదు. పులిసిన వాసన వచ్చినచో నిర్దాక్షిణ్యముగా బారబోయవలెను. మంచుగడ్డలను గూడ కాచిన నీటితో నింటనే చేసికొనవలెను.

పేరు పాలే గాని పాలు గావు

సోదరీమణులు మఱువరాని సంగతి యిది. ఆవుపాలు నూఱు మిల్లీలీటర్లలో సుమారు మూడు గ్రాముల మాంసకృత్తులును, 120 మిల్లీగ్రాముల కాల్షియమును గలవు. మన మింట దీయు బియ్యపుపాలలో మాంసకృత్తులు ఒక్క గ్రామైనను లేవు, కాల్షియము లేనట్లే లెక్క. రంగు చూచి మోసపోయి, పాల ఖర్చు తగ్గునని పసిపిల్లలకు దీనిని బట్టరాదు. బియ్యమునందు నేలనుండియు నీటినుండియు జేరు ఆర్సెనిక్ అను విషపదార్థము కారణముగా, ఐదేండ్లలోపు పిల్లలకు పాలకు మాఱుగా బియ్యపుపాల నియ్యరాదని ఇంగ్లండు ఆరోగ్యాధికారులు హెచ్చరించియున్నారు. ఇక దీనిలో కాఫీగూడ చేరినప్పుడు పిల్లలకు దూరముగా నుంచవలెనని వేఱుగ జెప్ప నక్కఱలేదు.

పెద్దవారిలో పాలలోని చక్కెర జీర్ణముగాక కడుపుబ్బరముతో బాధపడువారు దక్షిణదేశమున ననేకులు గలరు. అట్టివారికీ పానీయము హాయి నిచ్చును. అయితే పాలు మానినందున గలుగు లోటును పెరుగు, మజ్జిగ, రాగిజావలతో భర్తీచేసికొనవలెను. నూఱు గ్రాముల రాగులలో 300 మి.గ్రా. కు మించిన కాల్షియము గలదు. మధుమేహము గలవారికి బియ్యపుపాలు చక్కెర వేయకున్నను రక్తములో చక్కెరను శీఘ్రముగా బెంచును గనుక తగదు.

స్త్రీలకు మఱియొక మాట. 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము ప్రకారము మన రెండు తెలుగు రాష్ట్రములలో 15 మొదలు 49 ఏండ్లవఱకుగల స్త్రీలలో సగముకంటె నెక్కువమంది రక్తహీనులు. భోజనముతోడనే కాఫీ త్రాగినచో ఆహారములోని యినుము శరీరమునకు బట్టదు. కాన నన్నము తిన్న పిదప గంటసేపైన దాళి కాఫీ త్రాగవలెను. దినమునకు 300 మి.గ్రా. కంటె నెక్కువ కెఫీను పుచ్చుకొను గర్భిణులు దానిని దగ్గించుకొనవలెనని ప్రపంచారోగ్యసంస్థ సలహా. వారు దినమునకు చిన్న గ్లాసుతో దృప్తిపడుట క్షేమము. రంజానుమాసమున నుపవాసముండువారు ముందుగా ఖర్జూరములు, నీరు పుచ్చుకొని, కొంత యాహారము తినిన పిమ్మటనే దీనిని సేవించుట మంచిది.

మన యిండ్లలో నొక దురాచారము గలదు. పాలు చాలనప్పుడు ముందుగా దగ్గునది తల్లి వంతే. “నాకు బాలు పడవు” అని యామె యనుటయు, ఇంటివారు నమ్ముటయు నలవాటైనది. ఈ బియ్యపుపాల కాఫీ యట్టి త్యాగమునకు మఱియొక సాధనము గారాదు. ఇది పాలకు బదులు గాదు, మధ్యాహ్నపు విశ్రాంతికి దోడు మాత్రమే. పాలలో దన వంతు తాను త్రాగి, పని ముగిసిన పిదప నీ చల్లని కాఫీ గ్లాసుతో గడియసేపు కూర్చుండు గృహిణి యింటికి లోపము చేయుటలేదు. ఇంటిని నడుపు శరీరమును గాపాడుకొనుచున్నది.