ముసలి జేసీబీ మాకు చెప్పిన పాఠం

జేసీబీని చూడనివారు మనలో ఎవరూ ఉండరు. రోడ్డు పక్కన అది తవ్వుతుంటే బడికి పోయే పిల్లవాడైనా, సంతకు పోయే పెద్దాయనైనా ఒక్క నిమిషం ఆగి చూడవలసిందే. మేమూ అలాగే ఆగాం. అయితే మేము చూసింది కొత్త బండి కాదు. వానలకు ముందు నందవరం దగ్గర పంటకాలువ పూడిక తీయడానికి వచ్చిన పాత త్రీడీ బండి. పసుపు రంగు వెలిసిపోయింది. నెంబరు ప్లేటు మీద మన జిల్లా పాత గుర్తు 'ఏపీ 21' సగం చెరిగిపోయింది. దాని వయసు మాలో అందరి వయసు కన్నా ఎక్కువే. అయినా తాళం తిప్పగానే లేచింది, సాయంత్రం దాకా ఆగలేదు. ఇన్నేళ్ళయినా అది ఎలా పనిచేస్తోంది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మేము తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

చేతులే మొదటి యంత్రాలు

మన జిల్లాలోని కె.సి. కెనాల్‌ను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించడం మొదలుపెట్టింది. గడ్డపార, పార, తట్ట - ఇవే అప్పటి కూలీల పనిముట్లు. ఆ ఏళ్ళలోనే ఈజిప్టులో సూయజ్ కాలువ పని జరుగుతోంది. అక్కడ మొదట వేలాదిమందిని వెట్టికి తెచ్చి తవ్వించారు. 1864లో వెట్టి ఆగిపోయాక ఆవిరితో నడిచే యంత్రాలను దించారు. 1869లో కాలువ తెరిచారు. అంతకు ముందే, 1839లో, అమెరికాలో విలియం ఓటిస్ అనే యువకుడు ఆవిరితో తవ్వే యంత్రానికి పేటెంటు పొందాడు. పాపం, అదే ఏడాది ఇరవై ఆరేళ్ళకే చనిపోయాడు.

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల పొలాలకు నీళ్ళు తెచ్చే దిగువ కాలువ తుంగభద్ర డ్యామ్ నుంచి వస్తుంది. ఆ డ్యామ్‌కు 1945లో శంకుస్థాపన జరిగింది, 1953లో కాలువలకు నీళ్ళు వదిలారు. అక్కడ రాళ్ళు ఎత్తినవారి పేర్లు మనకు తెలియవు. యంత్రం గొప్పతనం చెప్పేముందు ఆ చేతులను తలుచుకోవడం న్యాయమని మాకు అనిపించింది.

నూనె బలం

జేసీబీ అనేది ఒక మనిషి పేరు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఆయన 1945లో ఇంగ్లండులో ఒక చిన్న అద్దె గ్యారేజీలో ట్రాలీలు తయారుచేయడం మొదలుపెట్టాడు. 1953లో ముందు తొట్టి, వెనక తవ్వే చెయ్యి ఉన్న బండిని తెచ్చాడు. మన దేశంలో 1979లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఎస్కార్ట్స్ సంస్థతో కలిసి ఫ్యాక్టరీ పెట్టారు. మనం 'పొక్లెయిన్' అని పిలిచేది కూడా ఒక ఫ్రెంచి కంపెనీ పేరే. కంపెనీ పేర్లే మన ఊళ్ళలో యంత్రాల పేర్లయిపోయాయి.

ఇక ఆ బలం ఎక్కడిది? పాఠంలో చదివిన పాస్కల్ సూత్రమే. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. ఇంజను పంపును తిప్పుతుంది, పంపు నూనెను సిలిండర్లలోకి తోస్తుంది. ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 200 కిలోలు అనుకుందాం. సిలిండరు లోపలి అడ్డుకొలత 10 సెంటీమీటర్లయితే దాని వైశాల్యం సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. రెండూ గుణించి చూడండి. పదిహేను టన్నులకు పైగా బలం! పరీక్ష కోసం బట్టీపట్టిన సూత్రం నల్లరేగడి గడ్డను పెకలించడం కళ్ళారా చూశాం.

పాతది ఎందుకు బతికింది?

బండి నడిపే మామను అడిగితే నవ్వాడు. "ఏం రా పిల్లోల్లారా, దీనికి నోరు లేదు. చెవి పెట్టి ఇనాల. పొద్దున్నే గ్రీసు పెట్టకుండ నేను తాళం తిప్పేదే లేదు" అన్నాడు.

ఆయన చూపించినవి ఇవి. చెయ్యి మడత పడే ప్రతిచోటా ఒక పిన్ను, దాని చుట్టూ బుష్ ఉంటాయి. గ్రీసు లేకపోతే ఇనుమును ఇనుమే తినేస్తుంది. అరిగిన బుష్ చవక, దాన్ని మార్చకుండా నడిపితే చెయ్యే పాడవుతుంది. నూనెలో దుమ్ము పడితే పంపు గీరుకుపోతుంది. అందుకే ఫిల్టరు వేళకు మార్చాలి. బకెట్ పళ్ళు అరిగితే మార్చుకోవచ్చు. పైపు నుంచి నూనె చిమ్ముతుంటే చేత్తో తడమకూడదు. సన్నని ధార చర్మంలోకి సూదిలా దిగిపోతుంది, అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

ఇంకో కారణం కూడా ఉంది. పాత బండిలో డీజిల్ పంపు మామూలు యంత్రమే. పానా పట్టిన మెకానిక్ విప్పి చూడగలడు. పొగ తగ్గించే నిబంధనలు 2021లో వచ్చాక కొత్త బండ్ల ఇంజన్లలో కంప్యూటరు పెత్తనం పెరిగింది. అది గాలికి మంచిదే. కానీ లోపం కనిపెట్టడానికి కంప్యూటరు కావాలి. పాతదానికి చెవి చాలు.

ఇంగ్లండులోని త్రెల్కెల్డ్ రాతిగని మ్యూజియంలో 1909లో చేసిన ఒక ఆవిరి యంత్రం ఉంది. నీళ్ళు నిండిన సున్నపురాతి గనిలో ఏళ్ళ తరబడి మునిగి ఉన్నదాన్ని 1977లో పైకి తీశారు. తర్వాత బాగుచేసి మళ్ళీ ఆవిరితో నడిపించారు. అక్కడ ముచ్చట కొద్దీ కాపాడారు. ఇక్కడ మామ బతుకుతెరువు కోసం కాపాడుతున్నాడు. శ్రద్ధ మాత్రం రెండు చోట్లా ఒకటే.

మరి కూలి మాటేమిటి?

ఈ సంగతి ఇంట్లో చెబితే మాలో ఒకరి అమ్మ ఒప్పుకోలేదు. "ఆ బండి ఒక పూట తవ్వేది మేమంతా వారం తవ్వాల. అది వచ్చినందుకే కదరా మేము సుగ్గికి పోయేది" అంది. మాకు నోట మాట రాలేదు. మాలో చాలామంది హాస్టల్లో ఉండి చదువుకోవడానికి అమ్మానాన్నల వలసే కారణం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకంలో వీలైనంతవరకు యంత్రాలు వాడకూడదని నిబంధన పెట్టింది ఇందుకే. అమ్మ మాటా నిజమే, మామ పనితనమూ నిజమే. యంత్రాన్ని తిట్టి పంపలేం. దాన్ని తెలుసుకుని నడిపేవాళ్ళం, బాగుచేసేవాళ్ళం మన ఇళ్ళ నుంచి రావాలి. పదో తరగతి తర్వాత ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఒక్క సంవత్సరమే. తమ్ముళ్ళు గుర్తుంచుకోవాలి.

చివరగా పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీలో మెకానిక్ అన్నలు ఎవరైనా ఉంటే ఒక ఆదివారం హాస్టల్‌కు రండి. పనికిరాని పాత పంపు ఒకటి తెచ్చి మా ముందు విప్పి చూపించండి. తిరిగి బిగించడం మేము నేర్చుకుంటాం.