కుల ధ్రువపత్రం - క్రీస్తు విశ్వాసం

ఆదివారం ప్రసంగాల్లో 'విశ్వాసంలో నిలకడ' అనే మాట తరచు వింటాం. లోకాశలకు లొంగొద్దు, సినిమాలు మానండి, ప్రార్థన తప్పొద్దు అంటారు పాస్టరుగారు. కాదనం. కానీ కృష్ణా డెల్టా మాలపల్లెల్లో, మాదిగగూడేల్లో విశ్వాసిని తడబెట్టేది సినిమా కాదు, తహసీల్దారు ఆఫీసులో ఇచ్చే కుల ధ్రువపత్రం.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని వదిలేశారు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీల్ని బీసీ-సిలో చేర్చి ఒక్క శాతం విదిలించారు. రిజర్వుడు నియోజకవర్గంలో నిలబడే హక్కు దాంతో రాదు. అత్యాచార నిరోధక చట్టం రక్షణా రాదు. మతం మారినవాళ్లకు ఆ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపినవాళ్లు మాత్రం ఎవరి మతమూ అడగలేదు. అన్నట్టు, కమ్మ క్రైస్తవులు, రెడ్డి క్రైస్తవులు బాప్తిస్మం వల్ల పోగొట్టుకున్నదేమీ లేదు.

మూడో పేరా తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022లో కేంద్రం మళ్లీ బాలకృష్ణన్ కమిషన్‌ని వేసింది. ఎస్సీ హోదా ఇమ్మని 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది.

అందుకే మనవాళ్లకి బడి రిజిస్టరులో ఒక పేరు, బాప్తిస్మంలో ఇంకో పేరు. బయటివాళ్లు దీన్ని మోసం అంటారు. చర్చి పెద్దలు కొందరు అల్పవిశ్వాసం అంటారు. మేం ఒప్పుకోం. ఈ ప్రాంతపు మాలల్లో తొలి క్రైస్తవుల్లో ఒకడు రాఘవాపురం పగోలు వెంకయ్య. 1859లో సీఎంఎస్ మిషనరీ డార్లింగ్ దొర చేత బాప్తిస్మం పొందాడు. ఆయన్ని ఇప్పటికీ వెంకయ్యగానే తలుచుకుంటారు. పేరు మారలేదు గనక ఆయన విశ్వాసం తక్కువదని ఏ పాస్టరైనా అనగలడా?

నిలకడ ఎక్కడుందో చూడాలంటే ఊడ్పుల కాలంలో పల్లెకి పోవాలి. పొద్దస్తమానం బురదలో నడుం వంచి వచ్చిన ఆడవాళ్లు కాళ్లు కడుక్కుని కూడికకి వస్తారు. ఉద్యోగం వచ్చిన కొడుకు ఎవరైనా ఫిర్యాదు చేస్తారన్న భయంతో గుడి మెట్లెక్కడు. తల్లి వస్తుంది. కానుక సంచి తన దగ్గరికి వచ్చినప్పుడు వాడి పేరన కూడా వేస్తుంది.