బదరీ వృక్షం కింద ఒక ఉద్యోగి

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం మెట్ల దగ్గర ఒక తమ్ముడు మా కోసం ఆగాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అదీ ఎక్కువగా రాత్రి షిఫ్టు. మా క్వయర్‌లో కీబోర్డు వాయించేవాడు. సెల్‌ఫోన్ తీసి ఆఫీసు నుంచి వచ్చిన ఒక మెయిల్ చూపించాడు. మనసు బాగోలేని ఉద్యోగులు ఫోన్‌లో గానీ, వీడియోలో గానీ కౌన్సెలర్‌తో మాట్లాడవచ్చుననీ, ఆరుసార్ల వరకు ఖర్చు కంపెనీదేననీ, సంగతి గోప్యంగా ఉంటుందనీ అందులో ఉంది. నెల రోజులుగా నిద్ర లేదనీ, ల్యాప్‌టాప్ తెరవాలంటే చేతులు చల్లబడిపోతున్నాయనీ చెప్పి, "మాట్లాడమంటారా అయ్యగారూ?" అని అడిగాడు.

మేము వద్దని అనలేదు గానీ, సరేననీ అనలేదు. ముందు మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థనలో కనిపెట్టు, ఆ తర్వాత చూద్దాం అన్నాం. ముక్కూమొహం తెలియని వారికి, ప్రభువును ఎరిగినవారో కాదో తెలియని వారికి విశ్వాసి తన గుండెలోని మాట చెప్పుకోవడమేమిటన్న తలంపు మాలో ఉంది. చెప్పిన మాట వినే బిడ్డ కాబట్టి అలాగే చేశాడు. నాలుగో వారంలో ఒక రాత్రి రెండు గంటలకు అతని భార్య మాకు ఫోన్ చేసింది. ఆఫీసుకని బయల్దేరినవాడు ఆఫీసుకు చేరలేదు, ఇంటికీ రాలేదు, ఫోన్ ఎత్తడం లేదు. అతని బావమరిదీ మేమూ కలిసి వెదికితే తెల్లవారుజామున ఆఫీసుకు కాస్త దూరంలో, బస్ షెల్టర్‌లో కూర్చుని కనిపించాడు. లోపలికి వెళ్లే ధైర్యం లేదు, ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. "చచ్చిపోతే బాగుండుననిపిస్తోంది అయ్యగారూ" అన్నాడు.

సెమినరీలో పాత నిబంధన చదువుకుని, పాతికేళ్లకు పైగా ప్రసంగాలు చేస్తున్న మాకు ఆ మాట ఎక్కడిదో వెంటనే గుర్తుకొచ్చింది. కర్మెలు పర్వతం మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా ప్రవక్త యెజెబెలు బెదిరింపుకు ప్రాణభయంతో బెయేర్షెబాకు పారిపోయి, అక్కడినుంచి అరణ్యంలోకి ఒక దినప్రయాణమంత దూరం వెళ్లి, బదరీ వృక్షం కింద కూర్చుని, తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడుగుకున్నాడు (1 రాజులు 19). ఆ అధ్యాయాన్ని ఎన్నిసార్లు బోధించామో మాకే లెక్క లేదు. అయినా దేవుడు ముందుగా ఏం చేశాడన్నది మేము సరిగా చూడలేదు. ఆయన ప్రవక్తను గద్దించలేదు, నీ విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి తట్టి లేపి, నిప్పుల మీద కాలిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, తినమన్నాడు. ఉపవాసం చేయమని మేము చెప్పిన చోట దేవుడు రెండుసార్లు భోజనం పెట్టాడు! హోరేబులో ఏలీయా అదే బాధను అవే మాటల్లో రెండుసార్లు చెప్పుకుంటే, రెండుసార్లూ విన్నాడు. చివరికి అతని పని అందుకోవడానికి ఎలీషాను చూపించాడు.

ఆ మధ్యాహ్నం మెయిల్‌లోని నంబరుకు భార్యే ఫోన్ చేసింది. అవతల కౌన్సెలర్ ఓపికగా అన్నీ విని, వాళ్లిద్దరితోనూ మాట్లాడి, ఇతణ్ణి ఒంటరిగా వదలవద్దనీ, ఆ రోజే సైకియాట్రిస్టుకు చూపించమనీ చెప్పారు. కొన్ని నెలలు మందులు వాడాడు, కౌన్సెలింగ్ ఆరుసార్లూ పూర్తి చేశాడు. మేము వాళ్లింటికి వెళ్లి భార్యాభర్తలిద్దరినీ క్షమాపణ అడిగాం. ఇక ఆ తర్వాత మేము తెలుసుకున్న సంగతులను మీతో పంచుకోవాలని ఇది రాస్తున్నాం.

ఆఫీసులు ఇచ్చే ఈ సహాయాన్ని ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అంటారు. కంపెనీ డబ్బు కడుతుంది, కౌన్సెలర్లు మాత్రం బయటి సంస్థవారు. చాలా చోట్ల భార్య లేదా భర్త, పిల్లలు కూడా వాడుకోవచ్చు. పని ఒత్తిడికే గాక అప్పులు, కాపురంలో గొడవలు, తాగుడు, అయినవారు పోయిన దుఃఖం, వీటన్నిటికీ పనికొస్తుంది. దీని పుట్టుక చూస్తే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. 1940లలో అమెరికాలో డ్యూపాంట్, ఈస్ట్‌మన్ కొడాక్ వంటి కంపెనీలు తాగుడుకు లోబడిన కార్మికులను తీసేయకుండా బాగుచేయాలని మొదలుపెట్టిన కార్యక్రమాలు దీనికి మూలం. వాటికి వెన్నుదన్ను 1935లో ఆక్రన్ పట్టణంలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్. దాని స్థాపకులిద్దరూ ఫ్రాంక్ బుక్‌మన్ అనే లూథరన్ పాస్టరు నడిపిన ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ కూడికల్లో పాలుపొందినవారు. టెలిఫోన్ ద్వారా ఆదుకునే పద్ధతికి కూడా దారి చూపింది ఒక దేవుని మందిరమే. 1953లో లండన్‌లో సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చి గురువు చాడ్ వారా, చనిపోవాలనుకునేవారు ముందు తమకు ఫోన్ చేయాలని ప్రకటించాడు. అదే సమారిటన్స్ సంస్థ అయింది. అక్కడ జరిగిన ఒక సంగతి మా వంటి పాస్టర్లు గుర్తుంచుకోదగ్గది. గురువుగారి కోసం వచ్చి కూర్చున్నవారికి వాలంటీర్లు టీ ఇచ్చి, వాళ్లు చెప్పేది వింటూ ఉంటే, చాలామందికి ఆ తర్వాత గురువుగారితో పనే లేకపోయింది. ఆయన అది చూసి నొచ్చుకోలేదు, 1954లో ఆ పనిని వాలంటీర్ల చేతికే అప్పగించాడు.

అయితే మా సంఘంలో అందరికీ అలాంటి కంపెనీ ఉద్యోగాలు లేవు. బట్టల షాపులో పనిచేసే చెల్లెళ్లున్నారు, డ్రైవర్లున్నారు, ప్రైవేటు స్కూలు టీచర్లున్నారు. వాళ్లకు ఇలాంటి మెయిల్ ఎవరు పంపుతారు? వారి కోసమే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న టెలీ మానస్ ప్రారంభించింది. బెంగళూరులోని నిమ్హాన్స్ దీనికి కేంద్రస్థానం. 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే పైనున్న నిపుణులకు కలుపుతారు, లేదా దగ్గరలోని ఆసుపత్రికి పంపుతారు. 2024 అక్టోబరులో మొబైల్ యాప్ కూడా వచ్చింది. కానీ మనిషి తనకు తాను హాని చేసుకునే స్థితిలో ఉంటే ఫోన్‌తో సరిపెట్టుకోకూడదు. పక్కనే ఉండి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, లేదా 112కు ఫోన్ చేయాలి.

"ఆఫీసులో తెలిసిపోదా?" అని చాలామంది అడుగుతారు. సాధారణంగా కంపెనీకి ఎంతమంది వాడుకున్నారన్న లెక్క చేరుతుంది, పేర్లు చేరవు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం కౌన్సెలర్ ఇతరులకు చెప్పవలసి వస్తుంది. ఈ షరతులు ముందే రాసి ఉంటాయి, చదువుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ వదిలి సొంత ఫోన్ వాడుకోవడం మంచిది. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు. శరీర రోగాలకు ఇచ్చినట్టే మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని అదే చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. యాప్‌లు మాత్రం రకరకాలున్నాయి. ఎదుటివారి చదువేమిటని అడగడంలో తప్పు లేదు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. మందులు రాయవలసింది సైకియాట్రిస్టు.

ఆఫీసు సంగతి సరే, మన సంఘాల్లో గోప్యత ఎంత? ఒక ప్రైవేటు స్కూలు టీచరు సహోదరి మాతో ఈ మాట అన్నది. ఉద్యోగంలో పడుతున్న అవమానాలు, నిద్రపట్టని రాత్రులు ఆమె కన్నీళ్లతో ఒక పెద్దావిడకు చెప్పుకుంది. బుధవారం స్త్రీల కూడికలో అది ప్రార్థన అంశమైపోయింది, పేరుతో సహా. "ఫోన్లో ఆ అమ్మాయెవరో నాకు తెలియదయ్యగారూ, అందుకే చెప్పుకోగలిగాను" అన్నది. మాకు జవాబు దొరకలేదు. ప్రార్థన పేరుతో ఎంతమంది గుట్టు వీధిలో పడేశామో దేవునికే తెలియాలి.

కౌన్సెలింగ్‌కు వెళ్తే విశ్వాసం తక్కువైనట్టేనన్న మాట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పౌలుతో కూడా తిరిగిన లూకా వైద్యుడే. ఎపఫ్రొదితు క్రీస్తు పనిలోనే జబ్బుపడి చావుకు దగ్గరైతే, పౌలు అతణ్ణి ఇంటికి పంపించి, అలాంటివారిని ఘనపరచమని ఫిలిప్పీ సంఘానికి రాశాడు.

అన్నీ చెప్పాక ఒక మాట దాచకూడదు. కౌన్సెలర్ ఎంత మంచివారైనా పద్నాలుగు గంటల పనిని ఎనిమిది గంటలు చేయలేరు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పిన లెక్క ప్రకారం కుంగుబాటు, ఆందోళన వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయి. ఆ ఏడాదే ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఉద్యోగిని ఓర్చుకోమనడంతో ఆగలేదు. పనిభారం, పనివేళలు సరిచేయాలనీ, మేనేజర్లకు శిక్షణ ఇవ్వాలనీ చెప్పాయి. మోషే ఉదయం నుంచి సాయంత్రం వరకు ఒక్కడే న్యాయం తీరుస్తుంటే అతని మామ యిత్రో సహనం గురించి ప్రసంగం చేశాడా? నువ్వూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారని చెప్పి, పనిని పంచే ఏర్పాటు చేయించాడు (నిర్గమ 18). మన సంఘాల్లో టీమ్ లీడర్లున్నారు, స్కూలు కరస్పాండెంట్లున్నారు, షాపు యజమానులున్నారు. రాత్రి పదకొండింటికి కింది ఉద్యోగికి మెసేజ్ పెట్టి, పొద్దున్నే ధ్యానవాక్యం పంపే సహోదరులు ఆ అధ్యాయం ఒకసారి చదువుకుంటే బాగుంటుంది. ఆదివారం మూడు కూడికలు పెట్టి, రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మేమూ ఆ లెక్కలోనివాళ్లమే.

ఆ తమ్ముడు వేరే టీమ్‌కు మారాడు, పగటి షిఫ్టు. నెలలో రెండు ఆదివారాలు కీబోర్డు వాయిస్తాడు, మిగిలిన రెండు ఆదివారాలు ఆలస్యంగా వచ్చి వెనుక బల్ల మీద కూర్చుంటాడు. ఎందుకని మేము అడగం. మందిరం నోటీసు బోర్డు మీద, కానుకల లెక్క పక్కన, 14416 నంబరు పెద్ద అక్షరాలతో రాసి అంటించాం. మొన్న ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయేదాకా ఆగి ఒకరు దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుంటున్నారు. మేము చూడనట్టే పక్క గుమ్మం నుంచి బయటికి వచ్చేశాం.